సగం పూత

ఫిబ్రవరి 9, గురువారం

శనివారం జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. నలభై ఏళ్లు కార్ల ఫ్యాక్టరీలో కొలతల విభాగంలో పనిచేసినవాణ్ణి. మరిచిపోకముందే రాసుకోవడం అలవాటు.

ఏడున్నరకు లేచాం. నా భార్య బెర్నీ గుడ్లు వేయించింది. నేను వాకిట్లో మంచు తోడాను. పదింటికి ఆమె కొట్టుకు వెళ్లి సరుకులు తెచ్చింది. ఒంటిగంటకు టమాటా సూపు, జున్ను పెట్టి కాల్చిన రొట్టె. తన రొట్టె సగం వదిలేసింది. రెండింటికి బేస్‌మెంట్‌లోకి వెళ్లింది, తను కడుతున్న కొత్త బొమ్మ కారుకు రంగు కొట్టడానికి. నేను హాల్లో కూర్చుని టీవీలో హాకీ చూశాను. నాలుగున్నరకు ఆట అయిపోయింది. ఐదింటికి కాఫీ తాగుతావా అని మెట్ల మీంచి కేకేశాను. జవాబు లేదు. రంగు పొగను బయటికి లాగే ఫ్యాన్ మోగుతోంది. ఆ చప్పుడులో వినపడలేదనుకున్నాను. ఐదూ పదికి దిగాను. బల్ల పక్కన, నేల మీద ఉంది. చేతులకు రబ్బరు తొడుగులు అలాగే ఉన్నాయి. ఎనిమిది నిమిషాల్లో అంబులెన్స్ వచ్చింది. ఆరుంపావుకు ఆస్పత్రిలో చెప్పారు. గుండె.

అరవై ఏడేళ్లు. హఠాత్తుగా పోయింది. ముందు ఏ సూచనా లేదు. డాక్టరుకూ పాద్రిగారికీ మా అమ్మాయి టెస్‌కూ ఇదే చెప్పాను.

నిన్న సమాధి చేశాం. నేల గడ్డకట్టి ఉంది, యంత్రంతో తవ్వారు.

ఫిబ్రవరి 10

ఇంట్లో ఫ్యాన్ చప్పుడు లేదు. ఆ రోజు దాన్ని ఎవరు ఆపారో గుర్తు రావడం లేదు.

ఫిబ్రవరి 12, ఆదివారం

చర్చి నుంచి వచ్చి బేస్‌మెంట్‌లోకి దిగాను.

అరలో ఆమె కట్టిన పదకొండు ఛాలెంజర్ బొమ్మ కార్లు. అన్నీ ఒకే కారు, రంగులే వేరు. నారింజ, గడ్డిపచ్చ, నలుపు, సిమెంటు రంగు. ఒక్కోటి నా అరచేయంత.

పదకొండేళ్ల కిందట బజార్లో అసలు కారును చూసి, "నార్బ్, ఇది కొందాం" అంది. యాభై దాటిన కెమిస్ట్రీ టీచరుకు అన్ని గుర్రాల బలం ఎందుకన్నాను. వాదించలేదు. మర్నాడు ప్లాస్టిక్ ముక్కల పెట్టె ఒకటి కొనుక్కొచ్చి, "ఇందులో గుర్రాలు లేవులే, భయపడకు" అంది. అప్పట్నుంచి ఏడాదికొకటి. బొమ్మ కార్లు కట్టేవాళ్ల క్లబ్బులో ఆమె ఒక్కతే ఆడమనిషి. నీకు ఇంకో కారు తెలియదా అని వాళ్లు ఏడిపించేవారు. మీకు ఇంకో జోకు తెలియదా అనేది.

పన్నెండోది బల్ల మీద, వంచిన తీగకు తగిలించి ఉంది. బాడీ ఒక్కటే. ఇంజను, సీట్లు, చక్రాలు పక్కన మూతల్లో సర్ది ఉన్నాయి. వంకాయ రంగు. ఎడమ పక్క అద్దంలా మెరుస్తోంది. కుడి పక్క మసకగా, పిండి జల్లినట్టుంది. పైకప్పు మధ్యలో రెండింటికీ అంచు.

మార్చి 18న క్లబ్బు ప్రదర్శన. అక్కడొక ఆచారం ఉంది. ఆ ఏడాది పోయినవాళ్ల మోడళ్లు నల్ల బట్ట పరిచిన బల్ల మీద పెడతారు. సగంలో ఉన్నదాన్ని స్నేహితుడెవరైనా పూర్తిచేసి పెడతాడు. కార్డు మీద ఇద్దరి పేర్లూ రాస్తారు.

నేనే పూర్తి చేస్తాను.

ఫిబ్రవరి 14

క్లైడ్ వెదర్స్ వచ్చాడు. ట్రక్కుల ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్లు రంగుల గదిలో పనిచేశాడు. బెర్నీకి స్ప్రే గన్ను పట్టుకోవడం నేర్పింది అతనే. తలుపు తీయగానే మొదలుపెట్టాడు.

"ఏవయ్యా, మెట్ల మీద మంచు తోడలేదేం? నేనూ జారిపడి చచ్చాననుకో, క్లబ్బు పిసినారులు ఇద్దరికీ కలిపి ఒకే పూలగుత్తి పంపుతారు."

వాళ్లావిడ చేసిన బఠాణీల కూర గిన్నె నా చేతిలో పెట్టి, తిన్నగా కిందికి దిగాడు. బాడీని తీగతో సహా కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు తిప్పి చూశాడు.

"ఎడమ పక్క తడి పూత. ముక్కు నుంచి తోక దాకా ఒకే ఊపు. పైకప్పు సగం దాకా వచ్చింది. ఆపైన లేదు."

"అయితే?"

"అయితే ఏంటయ్యా? పూత మధ్యలో ఎవడూ ఆపడు. ఇల్లు అంటుకున్నా సరే, ముందు ఆ కొస దాకా కొట్టేసి, తర్వాత బకెట్టు వెతుక్కుంటాం. మధ్యలో ఆపితే అంచు ఎండిపోతుంది. ఇక ఆ అతుకు జన్మలో పోదు. బెర్నీ అయితే పూత కొట్టేటప్పుడు నేను దగ్గినా తిట్టేది."

"పడిపోయింది కదా క్లైడ్. అందుకే ఆగింది."

అతను గన్ను వైపు చూపించాడు. అది బల్ల అంచున కొక్కేనికి వేలాడుతోంది.

"పడిపోయే మనిషి గన్నును కొక్కేనికి తగిలించదు నార్బ్. తనే ఆపి, తగిలించి, ఎటో లేచి వెళ్లింది. ఎందుకాపింది?"

"ఫోన్ మోగింది," అన్నాను.

"ఎవరిది?"

"ఎవరో ప్రకటనల వాళ్లు."

"ప్రకటనల వాడి కోసం బెర్నీ పూత ఆపింది," అన్నాడు. నన్ను అడగలేదు, ఊరికే అన్నాడు. తర్వాత "సర్లే" అని బాడీని మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

ఫిబ్రవరి 15

ఆ రోజు ఫోన్ మోగలేదు.

ఫిబ్రవరి 16, గురువారం

తొమ్మిదో తేదీన రాసింది కొలతకు సరిగ్గా లేదు. సరిచేస్తున్నాను.

రెండింటికి కిందికి వెళ్లింది. రెండూ నలభైకి పైకి వచ్చింది. హాలు గుమ్మంలో నిలబడింది. నేను తల తిప్పలేదు. ఆట చివరి నిమిషాల్లో ఏం లేదు, రెండో భాగం నడుస్తోందంతే.

"నార్బ్, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది," అంది.

"ఆ రంగు వాసన వల్లే. ఫ్యాన్ వేసుకో," అన్నాను.

ఫ్యాన్ వేస్తే ఇంట్లో వెచ్చదనమంతా బయటికి పోతుందని చలికాలమంతా సణిగింది నేనే. అందుకని వేసుకోకుండా పనిచేస్తోంది. కాసేపు నిలబడింది. ఎంతసేపో చెప్పలేను, చూడలేదు కనక. తర్వాత మెట్లు దిగిన చప్పుడు. ఫ్యాన్ మోగడం మొదలైంది. మంచిదే, మాట విన్నది అనుకున్నాను.

రెండున్నర గంటల పాటు ఆ ఫ్యాన్ మోగుతుంటే కింద పని చేసుకుంటోందనుకున్నాను. బాడీ చూస్తే తెలుస్తోంది. దిగాక గన్ను ముట్టుకోలేదు.

ఫిబ్రవరి 18

టెస్‌కు చెప్పి ప్రయోజనం లేదు. వాళ్లమ్మ తిరిగి రాదు. సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని, "అమ్మకు ఏమీ తెలియకుండా పోయింది కదా నాన్నా, అదొక్కటే నాకు ఓదార్పు," అంది. ఆ ఒక్కటీ తీసేసుకునే హక్కు నాకు లేదు. ఇది నా కోసం కాదు.

ఫిబ్రవరి 21, మంగళవారం

రేపటి నుంచి ఈస్టరు ముందరి ఉపవాస దినాలు. బేకరీ ముందు పొంచ్కీల కోసం, అదే జామ్ కూరి నూనెలో వేయించే తీపి బన్నుల కోసం, వీధి మలుపు దాకా వరస. ఏటా బెర్నీ ఆల్బుకారా జామ్ పెట్టినవి ఆరు తెచ్చేది. నేను రెండు తెచ్చాను. క్లైడ్ రెండూ తినేశాడు.

"దుఃఖంలో ఉన్నవాడికి తీపి మంచిది కాదు. నీ మేలు కోరే తిన్నా."

తర్వాత బాడీ సంగతి వచ్చింది. ఇక్కడ్నుంచి కుడి పక్క కొడితే అతుకు కనిపిస్తుందన్నాడు. లేకపోతే రంగంతా ఊడగొట్టి మళ్లీ మొదలుపెట్టాలి. మూడో దారి కూడా చెప్పాడు.

"ఇలాగే పెట్టేద్దాం. నల్ల బట్ట మీద సగంలో ఆగినవి చాలా పెట్టాం. తప్పేం లేదు."

"వద్దు. ఊడగొడదాం."

"ఖాయమేనా?"

"ఖాయం. నువ్వే చెయ్యి, నీకు అలవాటు."

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ద్రావణం పోసిస్తా. ముంచడం నువ్వే. బెర్నీ కొట్టిన రంగు నా చేత్తో తియ్యను."

డబ్బాలో పోశాడు. నేను ముంచాను. కాసేపటికి వంకాయ రంగు మబ్బులా లేచి ద్రావణంలో కలిసింది. క్లైడ్ చూడలేదు. ఆ వేళంతా కోటు గుండీలు పెట్టుకుంటూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 22

పాత పళ్ల బ్రష్షుతో తోమాను. తలుపు సందుల్లో మిగిలింది పుల్లతో తీశాను. ఇప్పుడు రెండు పక్కలా ఒకే బూడిద రంగు. అంచు లేదు.

బాగా నిద్రపట్టింది.

ఫిబ్రవరి 24, శుక్రవారం

బుధవారం గడ్డల వాన, చినుకు పడ్డచోటే మంచుగా బిగుసుకుంది. చెట్టు కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి. టెస్ వాళ్ల ఊళ్లో కరెంటు పోయింది. ఆడపిల్లలిద్దర్నీ తీసుకుని ఇక్కడికి వచ్చింది. మాకు కరెంటు ఉంది.

పిల్లలకు దుప్పట్లు తేవడానికి కిందికి వెళ్లింది. తిరిగి వస్తూ, సగం మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని ఆగింది. నేను పై మెట్టు మీద ఉన్నాను.

"ఏమైంది?"

"ఏం లేదు నాన్నా. ఈ మధ్య మెట్లెక్కితే కాస్త ఆయాసం. వీళ్లిద్దరి వెనక పరిగెత్తితే ఎవరికుండదు?"

"చలి వల్ల. స్వెట్టరు వేసుకో," అన్నాను.

ఆమె స్వెట్టరు వేసుకుంది.

ఫిబ్రవరి 25

టెస్‌కు ముప్పై తొమ్మిది.

ఫిబ్రవరి 27

కరెంటు వచ్చిందని వెళ్లిపోయారు. వెళ్లేముందు కారు దగ్గర, ఆ ఆయాసం సంగతి డాక్టరుకు చూపించుకోమన్నాను. నవ్వింది.

"నువ్వు కూడా మొదలెట్టావా? అమ్మకు ఏ సూచనా రాలేదు కదా. మన ఇంటి గుండెలు చెప్పి ఆగే రకం కాదులే. ఇలాంటివన్నీ పట్టించుకుంటే ఎలా?"

అప్పుడే చెప్పాల్సింది. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు. అందుకని చెప్పలేదు.

"నా మాట విని ఒక్కసారి వెళ్లు," అన్నాను. "నీ సంతోషం కోసం వెళ్తాలే," అంది.

మార్చి 3, శుక్రవారం

చర్చి హాల్లో చేపల భోజనం. ఐరీన్ కోస్కీ నా ఎదురుగా కూర్చుంది. మా పక్కింటావిడ. ఆమె భర్త స్టాన్ పోయి నాలుగేళ్లు.

"అదృష్టవంతురాలు బెర్నీ. క్షణంలో పోయింది. మా స్టాన్ పదకొండు నెలలు తీసుకున్నాడు, రోజూ ఒక ఫిర్యాదు. దిండు ఎత్తు దగ్గర్నుంచి దేవుడి దాకా ఎవర్నీ వదల్లేదు." చేపముక్క మీద నిమ్మకాయ పిండింది. "ముందు ఏమీ చెప్పలేదా నీకు?"

"లేదు."

"చెప్పి ఉంటే నువ్వు ఊరుకునేవాడివా! వాకిలి తలుపు వెంట్రుకవాసి వంగిందని మూడు రోజులు కొలిచిన మనిషివి."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నలుగురైదుగురు అడిగారు. అందరికీ లేదన్నాను. చెప్పే కొద్దీ నోటికి తేలికవుతోంది.

మార్చి 7, మంగళవారం

క్లైడ్ పక్కన ఉండి నేర్పాడు. వారం రోజులుగా పాత ప్లాస్టిక్ చెంచాల మీద సాధన చేస్తున్నాను. ఉప్పుకాగితంతో బాడీని రుద్ది, అడుగు రంగు వేసి ఆరబెట్టాను. ఈరోజు వంకాయ రంగు.

"మణికట్టు తిప్పకు. మోచెయ్యి కదలాలి. కారు బయట మొదలుపెట్టి కారు బయట ఆపు. మొదలుపెట్టాక దేవుడొచ్చినా ఆగమను."

ఫ్యాన్ వేశాను. ఎడమ పక్క అయింది. పైకప్పు మీదికి వచ్చాను. పై జేబులో ఫోన్ మోగింది. ఈసారి నిజంగానే మోగింది.

ఆపలేదు. పైకప్పు దాటి కుడి పక్క మీదుగా తోక దాకా కొట్టాను. ఆరుసార్లు మోగి ఆగింది. గన్ను తగిలించాక చూస్తే టెస్.

క్లైడ్ బాడీ చుట్టూ తిరిగి చూసి ఈల వేశాడు. "ముసలాడా, ఇన్నాళ్లూ కొలబద్ద పట్టుకుని చెయ్యి వృథా చేసుకున్నావు."

అతను వెళ్లాక టెస్‌కు ఫోన్ చేశాను. గుండె డాక్టరు పదిహేడో తేదీ శుక్రవారం ఉదయం తొమ్మిదీ నలభైకి రమ్మన్నారట. అది చెప్పడానికే చేసిందట.

కింద కూర్చుని తడి పూతను చూస్తున్నాను. చేతులారా కొడితే గాని తెలియలేదు. కూతురు పిలుస్తున్నా నేను ఆపలేకపోయాను. బెర్నీ ఆపింది. పదకొండు కార్లలో ఎప్పుడూ ఆపని మనిషి, పైకప్పు మధ్యలో ఆపి, గన్ను తగిలించి, పదమూడు మెట్లెక్కి వచ్చింది. ఊరికే చెప్పి పోదామని రాలేదు.

మార్చి 10

వాన. ఏమీ రాయను.

మార్చి 11

కారు ముందు అద్దాన్ని సూపర్ గ్లూతో అతికించాను. పొద్దునకి తెల్లటి పొగ పట్టినట్టు మసకేసింది. క్లైడ్ తల పట్టుకున్నాడు. ఆ జిగురు ఆవిరి అద్దాన్ని తినేస్తుందని క్లబ్బులో పదేళ్ల పిల్లాడికి కూడా తెలుసట. బెర్నీ డబ్బాలో ఇంకో అద్దం దొరికింది. ఈసారి తెల్ల జిగురు వాడాను.

మార్చి 14

అయిపోయింది. నాలుగు చక్రాల మీద నిలబడింది. తలుపు గీతలు రెండు పక్కలా సమానంగా ఉన్నాయి. అలవాటు చొప్పున కొలిచాను.

క్లైడ్ కార్డు రాసుకొచ్చాడు. మొదలుపెట్టింది బెర్నడెట్ పావ్లక్, పూర్తిచేసింది నార్బర్ట్ పావ్లక్ అని. అందమైన చేతిరాత.

"నల్ల బట్ట మీద ఇంత శుభ్రమైన కారు పెట్టలేదు ఇంతవరకూ," అన్నాడు. కార్డును కారు పక్కన పెట్టి, "ఆ సగం పూత మాత్రం నా కళ్లలోంచి పోవడం లేదయ్యా," అన్నాడు.

"ఫోన్ మోగలేదు క్లైడ్."

"తెలుసు."

"పైకి వచ్చింది. నాతో చెప్పింది. నేను టీవీ చూస్తున్నాను."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఊరడిస్తాడేమోనని భయపడ్డాను. ఊరడించలేదు.

"టెస్‌కు తెలుసా?"

"లేదు."

"దాని గుండెకు పరీక్ష ఎప్పుడన్నావు?"

"శుక్రవారం."

లేచి కోటు వేసుకున్నాడు. కార్డు బల్ల మీద వదిలి వెళ్లిపోయాడు. ఈసారి మెట్ల మీద మంచు గురించి ఏమీ అనలేదు.

మార్చి 15

టెస్‌కు రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి పిల్లల బడి గురించి మాట్లాడాను. రెండోసారి గడ్డల వాన గురించి.

మార్చి 16, గురువారం

మధ్యాహ్నం టెస్ ఫోన్ చేసింది. రేపటి పరీక్షకు ముందు నింపమని ఆస్పత్రి నుంచి కాగితాలు పంపారట.

"తాతయ్య ఏ వయసులో పోయాడు నాన్నా? అమ్మ తరఫు తాతయ్య."

"డెబ్బై ఒకటి."

"అమ్మది రాసేశాను. అరవై ఏడు, గుండెపోటు. కింద ఇంకో ప్రశ్న ఉంది. పోయేముందు లక్షణాలేమైనా చెప్పారా, ఛాతీ బరువు, ఆయాసం, అలసట? ఏమీ లేవని రాశాను. అంతే కదా?"

నేను ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. పొరుగాయన తన ట్రక్కు మీది మంచుగడ్డలు గీకుతున్నాడు.

"నాన్నా? ఉన్నావా?"

"ఉన్నాను."

"అంతే కదా?"

"ఆ," అన్నాను.

"సరే అయితే. నువ్వేం దిగులు పెట్టుకోకు. వాళ్లు కూడా ఒకసారి చూసి, చలి వల్లేనని పంపించేస్తారు చూడు."

పెట్టేసింది.

రంగు ఊడగొడితే పోతుందనుకున్నాను. అది రాసే నిజాయితీ నాకు ఇవాళ వచ్చింది. బెర్నీ పేరు కోసం కాదు, ప్రదర్శన కోసం కాదు, టెస్ ఓదార్పు కోసం అంతకన్నా కాదు. ఆ బాడీని చూసి ఇంకెవరూ అడగకూడదని ముంచాను. ఇప్పుడు ఎవరూ అడగరు. కారు మచ్చ లేకుండా ఉంది. బెర్నీ పైకి వచ్చిందన్న సంగతి ఇక నా నోటిలో, క్లైడ్ చెవిలో తప్ప ఎక్కడా లేదు. నా మాట మీద నా కూతురు 'ఏమీ లేవు' అని తన చేత్తో రాసింది. రేపు డాక్టరు ఆ మాట చదివి దాన్ని బట్టి నడుచుకుంటాడు.

చెప్పాక ఆమె నన్ను ఇంట్లోకి రానివ్వకపోవచ్చు. పిల్లల్ని చూపించకపోవచ్చు. అది ఆమె ఇష్టం.

ఫోన్లో చెప్పను. ఫోన్లో నేను ఏం చేస్తానో నాకు తెలుసు.

రేపు ఉదయం ఆరున్నరకు బయల్దేరతాను. మన్రోలో టెస్ ఇంటికి చేరడానికి నలభై నిమిషాలు, రోడ్డు మీద మంచుగడ్డ ఉంటే యాభై. టెస్ తలుపు తీస్తుంది. కోటు విప్పను, కూర్చోను. కూర్చుంటే కాఫీ ఇస్తుంది, కాఫీ తాగితే వాన గురించి మాట్లాడతాను. గుమ్మంలో నిలబడే చెప్తాను. రెండూ నలభైకి మీ అమ్మ పైకి వచ్చిందని, ఏమన్నదో ఆమె మాటల్లోనే, నేనేమన్నానో నా మాటల్లోనే. తర్వాత ఆ కాగితం తెమ్మంటాను.